గొలుసుతో నడచు చక్రముల లెక్క

అంబర్‌పేటనుండి ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణము మీదుగా తార్నాకకు సైకిలుపై పోవు విద్యార్థి, తన కాళ్ల క్రిందనే ఒక గణితపాఠము తిరుగుచున్నదని తలపడు. తొక్కుడు చక్రమునకు 48 పండ్లును, వెనుకనున్న ఫ్రీవీలునకు 18 పండ్లును గలవనుకొందము. గొలుసు పండ్లమీద జారదు గనుక, ముందు ఎన్ని పండ్లు గడచునో వెనుకను అన్నియే గడవవలెను. నిమిషమునకు 60 చుట్లు తొక్కినచో 60 × 48 = 2880 పండ్లు గడచును. దీనిని 18 చేత భాగింపగా 160. అనగా కాలు 60 చుట్లు తిరుగునప్పటికి చక్రము 160 చుట్లు తిరుగును. చుట్లను పండ్లచేత గుణింపగా వచ్చు ఫలము రెండు ఇరుసులకును సమానమే. సూత్రమంతయు ఇంతే.

సైకిలునందు వేగము పెరుగును; యంత్రములయందు తరచుగా దానిని తగ్గింపవలసి వచ్చును. మన దేశపు విద్యుత్తుతో నడచు సాధారణపు మోటారు నిమిషమునకు ఇంచుమించు 1440 చుట్లు తిరుగును. పశువుల మేత నరకు యంత్రమొకటి 120 చుట్లే తిరుగవలెననుకొందము. పండ్రెండవ వంతునకు తగ్గింపవలెను. మోటారునకు 17 పండ్ల చక్రము తగిలించి, ఒక్క మారే తగ్గింపబోయినచో, రెండవ చక్రమునకు 204 పండ్లు కావలెను. 12.7 మి.మీ. లంకెల గొలుసునకు అట్టి చక్రము అడ్డుకొలత 80 సెంటీమీటర్లకు మించును! కావున రెండంచెలుగా తగ్గింతురు: 17 నుండి 68కి, అది నాలుగు రెట్లు, మరల 17 నుండి 51కి, అది మూడు రెట్లు. ఇచ్చట కొందరు నాలుగును మూడును కూడి ఏడందురు. కూడరాదు, గుణింపవలెను. 1440 మొదట 360 అగును, పిదప 120 అగును.

పండ్లు లెక్కించుట విసుగని కొలబద్దతో అడ్డుకొలతలు తీయువారును గలరు. పండ్ల కొనలవరకు కొలిచినచో పై 17 పండ్ల చక్రము సుమారు 76 మి.మీ., 68 పండ్లది సుమారు 282 మి.మీ. ఉండును. భాగింపగా 3.7 మాత్రమే వచ్చును. ఆ లెక్కను 360కి బదులు 389 చుట్లు తేలును. గొలుసు చీలలు పండ్ల కొనలమీద గాక లోపలి వలయముమీద కూర్చుండుటయే ఈ భేదమునకు కారణము. వ్రేలితో లెక్కించుటయే మేలని మా అభిప్రాయము.

17 అను బేసిసంఖ్య ఏల? గొలుసు లంకెలు సాధారణముగా సరిసంఖ్యలో ఉండును. 96 లంకెల గొలుసునకు 16 పండ్ల చక్రమును కూర్చినచో ప్రతి పన్నును ఎల్లప్పుడు ఆ ఆరు లంకెలనే కలిసికొనును. 17 పండ్లదైనచో అన్ని లంకెలను వంతుగా కలిసికొనును, అరుగుదల సమముగా పంచబడును. నేటి రోలరు గొలుసును 1880లో మాంచెస్టరునందు రూపొందించినవాడు హాన్స్ రెనాల్డు.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. అంగడిలో 68 పండ్ల చక్రము దొరకలేదని 40 పండ్లది తగిలించిరనుకొందము. 1440 × 17 ÷ 40 = 612; మూడింట భాగింపగా 204. మేత నరకు చక్రము 120కి మారుగా 204 చుట్లు తిరుగును. తిరుగు చక్రమును చీల్చజూచు బలము వేగపు వర్గమును అనుసరించును గనుక అది దాదాపు మూడు రెట్లగును. కత్తులు బిగించిన మరలకు ఇది చిన్న భారము కాదు. వేగము సరిగా తగ్గించినను నిర్భయముగా ఉండరాదు: వేగము పండ్రెండవ వంతైనచో త్రిప్పు బలము, రాపిడికి పోయినది పోగా, పండ్రెండు రెట్లకు సమీపించును. మెల్లగా తిరుగుచున్నదని చేయి పెట్టినవారు చేతులు పోగొట్టుకొనిరి. నూర్పిడి యంత్రములవలన ఇట్టి గాయములు పెచ్చుపెరుగుటచేతనే 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రముల నియంత్రణ చట్టము చేసెను. తలిదండ్రులలో యంత్రములుగలవారు గొలుసుమీది రేకు కప్పును తీసి మూల పడవేయవద్దని కోరుచున్నాము.

విద్యార్థులు ఇంటియొద్ద సైకిలును తలక్రిందులుగా నిలిపి, వెనుక చక్రముమీద సుద్దతో గురుతు పెట్టి, వ్రేళ్లను గొలుసునకు దూరముగా ఉంచి, తొక్కుడు కడ్డీని మెల్లగా మూడు చుట్లు త్రిప్పవలెను. పండ్లు 48, 18 అయినచో గురుతు సరిగా ఎనిమిది మారులు పైకి రావలెను.