వణుకు ఆగిందంటే జాగ్రత్త: చలిరాత్రి సైకిల్ ప్రయాణంపై ప్రశ్నలు, జవాబులు

ధనుర్మాసం వచ్చిందంటే సైకిల్ బృందాల చూపు లంబసింగి వైపు మళ్లుతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊళ్లో కొన్ని తెల్లవారుజాముల్లో గడ్డి మీద మంచు గట్టిగా పేరుకుంటుంది. రాత్రంతా తొక్కి సూర్యోదయానికి అక్కడ ఉండాలని చాలామంది ఆశపడతారు. ఈ వారం శీర్షికను అలాంటివారి ప్రశ్నలకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మేం నలుగురం స్నేహితులం. అందరికీ పాతికేళ్లు దాటాయి. విశాఖపట్నంలో బయల్దేరి నర్సీపట్నం మీదుగా తెల్లారేసరికి లంబసింగి చేరాలనుకుంటున్నాం. ఎన్ని స్వెటర్లు వేసుకోవాలి? – ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ఎన్ని వేసుకున్నారన్న దానికన్నా ఎప్పుడు వేసుకుంటారు, ఎప్పుడు విప్పుతారు అన్నదే ముఖ్యం. సైకిల్ తొక్కేటప్పుడు కండరాలు ఖర్చుచేసే శక్తిలో దాదాపు నాలుగో వంతే చక్రాన్ని తిప్పుతుంది. మిగతా ముప్పాతిక వేడిగా మారిపోతుంది. అందుకే ఘాట్ ఎక్కుతున్నంతసేపూ చలి తెలియదు, పైగా చెమట పడుతుంది. ఇబ్బంది వచ్చేది ఆగినప్పుడు. కాళ్లు ఆగగానే వేడి పుట్టడం తగ్గిపోతుంది కానీ, తడిసిన బనియన్ మాత్రం ఒంట్లోని వేడిని లాగేస్తూనే ఉంటుంది. పొడి గాలికన్నా నీరు వేడిని ఇరవై రెట్లకు పైగా వేగంగా లాక్కుంటుంది.

అందుకని లోపల నూలు బనియన్ వద్దు. చెమటను పీల్చుకుని అది ఓ పట్టాన ఆరదు. పాలియెస్టర్ టీషర్టు గానీ, పలుచని ఉన్ని గానీ మంచిది. దానిమీద ఒక స్వెటర్, ఆపైన గాలి చొరబడని విండ్‌చీటర్ సరిపోతాయి. ఘాట్ మొదలయ్యేచోట స్వెటర్ విప్పి సంచిలో పెట్టుకోండి. మొదటి పది నిమిషాలు కాస్త చలిగా అనిపించినా ఫరవాలేదు. పైకి చేరి ఆగిన వెంటనే, టీ సంగతి తర్వాత, ముందు తడి చొక్కా మార్చుకోండి. పొడి బనియన్, పొడి మేజోళ్లు ఒక ప్లాస్టిక్ కవర్లో విడిగా ఉండాలి.

తిరుగు ప్రయాణంలో ఘాట్ దిగడం ఇంకా కష్టం. కాళ్లకు పని ఉండదు, గాలి మాత్రం ఎదురుగా కొడుతుంది. 5 డిగ్రీల చలిలో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో దిగితే ముఖానికీ చేతులకూ అది సున్నాకంటే తక్కువ ఉన్నట్టే తగులుతుంది. వేళ్లు కొంకర్లు పోతే బ్రేకు గట్టిగా పట్టలేరు. దిగేముందే గ్లోవ్స్, చెవులు కప్పే టోపీ, విండ్‌చీటర్ వేసుకోండి. చొక్కా లోపల ఛాతీమీద దినపత్రిక మడత పెట్టుకోవడం సైకిలిస్టులు ఎన్నో ఏళ్లుగా పాటిస్తున్న మంచి పద్ధతి. ఎండ కాస్త ఎక్కాక దిగితే మరీ మంచిది.

దాహం వేయకపోయినా నీళ్లు తాగుతుండండి. చలిలో దాహం మందగిస్తుంది, మూత్రం ఎక్కువగా వస్తుంది. గంటకోసారి అరటిపండో, పల్లీ చిక్కీయో, ఖర్జూరాలో తినండి. తిండి తగ్గితే ఒంట్లో వేడి పుట్టదు.

ప్రశ్న: కిందటి జనవరిలో టీకొట్టు దగ్గర ఆగినప్పుడు మా తమ్ముడు గడగడా వణికిపోయాడు. కాసేపటికి మాట ముద్దగా వచ్చింది. చలి లేదంటూ స్వెటర్ కూడా వద్దన్నాడు. తోటివాళ్లు కాస్త బ్రాందీ పట్టించారట. అది మంచిదేనా? – ఒక పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: కాదమ్మా, బ్రాందీ చాలా ప్రమాదం. అది చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. ఒళ్లు వెచ్చబడినట్టు అనిపిస్తుంది కానీ, లోపల దాచుకున్న వేడి అంతా బయటికి పోతుంది.

మీ తమ్ముడికి వచ్చింది హైపోథెర్మియా అయివుండాలి. మామూలుగా 37 డిగ్రీలుండే శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 కంటే తగ్గితే దాన్ని అలా అంటాం. బయట సున్నా డిగ్రీలే ఉండనక్కర్లేదు. తడిబట్టలు, ఎదురుగాలి తోడైతే 8, 10 డిగ్రీల్లోనూ వస్తుంది. మొదట వణుకు పుడుతుంది. వణుకు మంచిదే, శరీరం వేడి పుట్టించుకునే ప్రయత్నం అది. తర్వాత మాట తడబడుతుంది, నడక తూలుతుంది, జిప్పు కూడా పెట్టుకోలేరు. శరీరం 32 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి వణుకు ఆగిపోతుంది. చూసేవాళ్లు ‘సర్దుకున్నాడులే’ అనుకుంటారు. నిజానికి పరిస్థితి విషమించేది అప్పుడే. మెదడు మందగించి, చలి లేదని మనిషే చెబుతాడు. ఆ మాట నమ్మకండి.

వెంటనే గాలి తగలని చోటికి చేర్చి తడిబట్టలు విప్పించండి. పొడిబట్టలు వేసి తలతో సహా దుప్పటి చుట్టండి. కింద నేలకూ ఒంటికీ మధ్య ఏదైనా పరవండి. ముందు ఛాతీ, మెడ, చంకలు వెచ్చబడాలి. వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి అక్కడ పెట్టండి. గ్లాసు తానే పట్టుకుని తాగగలిగితే తియ్యటి వేడి టీ ఇవ్వండి. చేతులూ కాళ్లూ రుద్దకండి, వేడినీళ్ల స్నానం చేయించకండి. కోలుకున్నట్టు కనిపించినా ఆరోజు మళ్లీ సైకిల్ ఎక్కనివ్వకండి. వణుకు ఆగి మగతలోకి జారుతుంటే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. కదపాల్సివస్తే చాలా మెల్లగా కదపండి. చల్లబడ్డ గుండె కుదుపులకు లయ తప్పవచ్చు.

ప్రశ్న: పైన టెంట్‌లో రెండు గంటలు పడుకుందామనుకుంటున్నాం. లోపల బొగ్గుల కుంపటి పెట్టుకోవచ్చా? – ఒక పాఠకుడు, తుని

జవాబు: ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. మంట లేకుండా కణకణలాడే బొగ్గుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. ముందు తలనొప్పి, వికారం వస్తాయి. అలసి నిద్రపోతున్నవాడికి అవి కూడా తెలియవు, నిద్రలోనే ప్రాణం పోతుంది. టెంట్ జిప్పు కాస్త తెరిచి ఉంచాం కదా అన్న ధీమా పనికిరాదు. మంట ఆరుబయటే ఉండాలి, టెంట్‌లోకి పొడిబట్టలతో, మందపాటి దుప్పట్లతో వెళ్లాలి. బయట చలిమంట దగ్గరా దూరం పాటించండి. మొద్దుబారిన వేళ్లకు కాలుతున్న సంగతి తెలియదు.

ప్రశ్న: మా నాన్నగారికి 55 ఏళ్లు. షుగర్, బీపీ ఉన్నాయి. ఇన్సులిన్ తీసుకుంటారు. రోజూ సైకిల్ తొక్కుతారు. ఈ రాత్రి ప్రయాణానికి వస్తానంటున్నారు. పంపవచ్చా? – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: రోజూ తొక్కే మనిషి కనుక వద్దనేయను. కానీ ముందు ఆయన డాక్టరు గారిని కలవాలి. చలికి రక్తనాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది. దానికి ఎత్తు ఎక్కే శ్రమ తోడవుతుంది. ఈసీజీ, ట్రెడ్‌మిల్ పరీక్ష అవసరమో కాదో వారు చూస్తారు.

రాత్రంతా తొక్కితే షుగర్ పడిపోయే అవకాశం ఎక్కువ. ఆ రాత్రి ఇన్సులిన్ మోతాదు ఎంతన్నది డాక్టరే చెప్పాలి, సొంతంగా మార్చకూడదు. షుగర్ పడిపోయినా, ఒళ్లు చల్లబడినా తడబాటు, మగత ఒకేలా కనిపిస్తాయి. అందుకే అనుమానం రాగానే షుగర్ చూడాలి. చూసే వీలు లేకపోతే, మింగగలిగే స్థితిలో ఉంటే గ్లూకోజో, చక్కెరో ఇవ్వాలి. గ్లూకోమీటరు చలికి సరిగ్గా పనిచేయదు. దాన్నీ ఇన్సులిన్‌నూ సైకిల్ సంచిలో కాకుండా లోపలి జేబులో పెట్టుకోమనండి. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా వాడకూడదు. పాదాల్లో స్పర్శ తగ్గిందేమో ముందే పరీక్ష చేయించండి. ఛాతీలో బరువు, దవడ లాగడం, మామూలుకు మించిన ఆయాసం ఉంటే అక్కడికక్కడే ఆగిపోవాలి.

ప్రశ్న: ఆదిలాబాద్ చలిలో తెల్లవారుజామున తొక్కితే ఆగాక దగ్గు, పిల్లికూతలు వస్తున్నాయి. పగలు ఏమీ ఉండదు. మానేయాలా? – ఒక పాఠకుడు, ఆదిలాబాద్

జవాబు: మానక్కర్లేదు. వేగంగా ఊపిరి తీసేటప్పుడు చల్లని పొడి గాలి శ్వాసనాళాలను ఎండగట్టి బిగుసుకుపోయేలా చేస్తుంది. ముక్కు, నోరు కప్పేలా మఫ్లర్ చుట్టుకుంటే గాలి వెచ్చబడి, తేమ పట్టి లోపలికి వెళుతుంది. మొదటి పావుగంట నెమ్మదిగా తొక్కండి. ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించుకుంటే, అవసరమనుకుంటే బయల్దేరే ముందు పీల్చే ఇన్‌హేలర్ రాసిస్తారు. రాత్రి ప్రయాణంలో అది చేతికందే జేబులో ఉండాలి.

ప్రశ్న: జర్మనీలో చదువుకుంటూ రాత్రి షిఫ్టు ముగించుకుని సైకిల్ మీద ఇంటికి వస్తాను. కాలివేళ్లు ఎర్రగా వాచి దురద పెడుతున్నాయి. చేతి చిటికెన వేలు మొద్దుబారుతోంది. మంచుకాటు అంటారా? – ఒక విద్యార్థి

జవాబు: ఇవి రెండు వేర్వేరు బాధల్లా ఉన్నాయి. చలి తగిలిన కొన్ని గంటలకు ఎర్రగా వాచి, దురదపెట్టే వేళ్లను చిల్‌బ్లెయిన్స్ అంటాం. పాదాలు పొడిగా, వెచ్చగా ఉంచితే రెండు మూడు వారాల్లో తగ్గిపోతాయి. వేడినీళ్లలో, హీటరు మీద పాదాలు పెట్టకండి. బూట్లు బిగుతుగా ఉండకూడదు. చిటికెన వేలు, దాని పక్క వేలు మాత్రమే మొద్దుబారితే అది చలి వల్ల కాదు, హ్యాండిల్ ఒత్తిడికి అరచేతిలో నరం నలగడం వల్ల. చేతులు తరచు మార్చి పట్టుకోండి, హ్యాండిల్ ఎత్తు సరిచేయించండి.

మంచుకాటు సున్నాకు దిగువనే వస్తుంది. అందులో చర్మం తెల్లగా, మైనంలా గట్టిపడి స్పర్శ పోతుంది. అప్పుడు రుద్దకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అంత చలిలో వంతెనలు, చెట్లనీడలో రోడ్డు ముందుగా గడ్డకడతాయి. అక్కడ ముందు బ్రేకు గట్టిగా నొక్కకండి.

ప్రశ్న: మూడు దాటాక కళ్లు మూతలు పడతాయి. కాఫీతో నెట్టుకురావచ్చా? – ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: కాసేపటి వరకే. రాత్రి రెండు నుంచి ఐదు మధ్య నిద్రమత్తు బాగా ఎక్కువ. శరీర ఉష్ణోగ్రత సహజంగానే తగ్గేది, బయట చలి ముదిరేది కూడా ఆ వేళే. వచ్చిన దారి గుర్తులేకపోయినా, సైకిల్ పక్కకు లాగుతున్నా ఆగాల్సిందే. కాఫీ తాగి, వెచ్చని చోట ఇరవై నిమిషాలు కునుకు తీయండి. కాఫీ పనిచేయడానికీ దాదాపు అంతే సమయం పడుతుంది. వెనక ఎర్రలైటు, మెరిసే జాకెట్ లేకుండా పొగమంచులో కదలవద్దు.

లంబసింగి వెళ్లేవారంతా నర్సీపట్నంలో తప్పక ఆగండి. ఆసుపత్రి, బస్టాండు ఉన్న ఊరది. అందరి మాటా స్పష్టంగా ఉందా, కళ్లలో నిద్ర ఉందా, సంచిలో పొడిబట్టలు ఉన్నాయా అని ఒకరినొకరు చూసుకోండి. ఒక్కరికి బాగాలేకపోయినా ఆ రాత్రి ఎవరూ ఘాట్ ఎక్కకూడదని ఇంటిదగ్గరే మాట అనుకుని బయల్దేరండి.