తాగుడు మాన్పించే వేరు ఉందా?



తూర్పున నల్లమల కనబడే ఊళ్లు మనవి. జ్వరానికి నేలవేము, కామెర్లకు నేల ఉసిరి అని పెద్దలు చెప్పగా వింటూ పెరిగాము. అందుచేత ఇంట్లో ఒకరు తాగుడుకు బానిసైతే, దీనికి కూడా అడవిలో ఏదో ఒక వేరు ఉండకపోదని తల్లులు, భార్యలు ఆశపడటం సహజం. నంద్యాలలోనైనా, ఆళ్లగడ్డలోనైనా, ఎవరో చెప్పిన పొడి తెచ్చి మజ్జిగలోనో కూరలోనో మగవానికి తెలియకుండా కలిపిపెట్టవచ్చా అని అడిగేవారున్నారు. ఈ వారం పాఠం వారి కోసమే.

1. మూలికను తృణీకరించరాదు

సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం భూమి నుండి పుట్టే ఔషధాలను దేవుని వరంగా చూపుతుంది. అదే అధ్యాయం వైద్యుణ్ణి గౌరవించమని కూడా బోధిస్తుంది. ఈ రెండింటినీ విడదీయరాదు.

మన నేలగుమ్మడికి దగ్గరి జాతి తీగ కుడ్జు. దాని వేరును చైనావారు తాగుడుకు మందుగా పూర్వం నుండి వాడుతున్నారు. ఆ వేరులోని పదార్థం ఇస్తే హ్యామ్‌స్టర్లు అనే ఎలుకజాతి జంతువులు మద్యం తాగడం తగ్గించాయని 1993లో అమెరికాలోని హార్వర్డ్ పరిశోధకులు చూపారు. తరువాత మనుషులపై చిన్న పరీక్షలు జరిగాయి. ఒకదానిలో కొంత మేలు కనబడింది, మరొకదానిలో కనబడలేదు. కనుక ఆశ ఉంది గాని రుజువు లేదు.

మొక్క నుండి మందు పుట్టదని కాదు. గసగసాల జాతి మొక్కల్లో దొరికే తెబైన్ నుండి నాల్ట్రెక్సోన్ తయారుచేస్తారు. తాగుడు చికిత్సకు 1994లో అమెరికా దానిని ఆమోదించింది. అయితే అది పరీక్షలకు నిలిచి, మోతాదు తేలి, డాక్టరు చేతి మీదుగా వచ్చిన మందు.

2. చాటుగా కలపరాదు

పొట్లంలో ఏముందో అమ్మినవానికే తెలియాలి. ఉమ్మెత్త గింజలు మతి తప్పిస్తాయి, ప్రాణం తీయగలవు. ముష్టి గింజ ఎక్కువైతే కొంకర్లు పోయి మనిషి చనిపోతాడు. డైసల్ఫిరాం అనే మాత్ర ఉంది. అది వేసుకొని తాగితే వాంతులు, గుండెదడ వస్తాయి, రక్తపోటు ప్రమాదకరంగా పడిపోవచ్చు. అందుకే రోగికి చెప్పి, అతని సమ్మతితోనే దానిని ఇవ్వాలి. పైగా చాటుగా పెట్టిన సంగతి బయటపడితే, ఇంట్లో అన్నం మీద కూడా అతనికి నమ్మకం పోతుంది.

3. మొదటి రోజులు ఆసుపత్రివి

ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు హఠాత్తుగా మానితే కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనబడటం, మతి తప్పడం జరగవచ్చు. అది దయ్యం కాదు, పొడి పనిచేస్తున్న గుర్తూ కాదు, ప్రాణాపాయం. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకొనిపోవాలి. అక్కడ ఫిట్స్ రాకుండా మందులు, బి1 విటమిన్ ఇస్తారు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే వ్యసన విముక్తికి ప్రభుత్వం నడిపే ఉచిత ఫోను 14446 ఉంది.

4. తరువాత కావలసింది తోడు

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడ్డారు. ఆ ఉద్యమం పెరిగి 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. దుకాణం మూసినా తెరిచినా, బానిసైన మనిషికి చికిత్స అవసరమే. మానినవాడు మళ్లీ తాగితే అంతా వృథా అనుకోరాదు. మళ్లీ చికిత్సకు పంపాలి. అమెరికాలో 1935లో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడు నిలవడంతో పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘాలు నేడు మనదేశంలోనూ ఉన్నాయి. మన విచారణలో కూడా ప్రార్థనతోపాటు, ఆసుపత్రికి వెంట వెళ్లే ఒక పొరుగువాడు ఉండాలి.

కుటుంబంలో చర్చించండి:

1. మన వీధిలో తాగుడుతో బాధపడే ఇంటిని నిందించకుండా ఎలా పలకరిస్తాము?
2. ఎవరైనా పొడి ఇచ్చి చాటుగా కలపమంటే ఏమని సమాధానం చెబుతాము?
3. ఈ వారం ఎవరితో కలిసి ఆసుపత్రికి వెళ్లగలము?