దీపం ఆరిన రోజే రాయండి

కొన్ని నెలలుగా నా దగ్గరకు ఒకే రకం ఫిర్యాదు వరసగా వస్తోంది. మలేషియాలోని బాగన్ దతు కొబ్బరి తోటల వైపు నుంచి, తెలుక్ ఇంతాన్ నుంచి, సుంగై పతాని నుంచి మనవాళ్లే వస్తున్నారు. పెరటి దారికో, కోళ్ల గూటి దగ్గరకో, గుడి మెట్లకో కొన్న చిన్న సోలార్ ఎల్ఈడీ దీపాలు చూపిస్తున్నారు. ప్రకటనలో "300 వాట్లు, రాత్రంతా వెలుగు" అని ఉంటుంది. పొద్దు గూకగానే వెలిగిన దీపం పది కాకముందే ఆరిపోతుంది. దీనికి చట్టంలో గట్టి మందే ఉంది. కానీ చాలామంది ఆ మందు పనిచేసే కాలం దాటిపోయాక వస్తున్నారు.

వాళ్లను ముంచుతున్న పొరపాటు ఒక్కటే. దీపం పనిచేయడం లేదని ఫోన్‌లో నోటిమాటగా చెప్పి, అమ్మినవాడి మాట నమ్మి ఎదురుచూడటం.

మొన్న వచ్చిన కేసు చూడండి. ఎస్టేటు పని నుంచి రిటైరైన ఒక పెద్దావిడ ఒక దుకాణం ఆన్‌లైన్ పేజీలో నాలుగు దీపాలు కొన్నారు. రెండో రాత్రికే సంగతి అర్థమైంది. దుకాణానికి ఫోన్ చేస్తే, "ఆంటీ, వానలు కదా, మూడు రోజులు మంచి ఎండలో పెట్టండి" అన్నారు. తర్వాత స్విచ్ ఆపి మళ్లీ వేయమన్నారు. ఆ తర్వాత కొత్త స్టాక్ రాగానే మారుస్తామన్నారు. చివరికి వారంటీ అయిపోయిందన్నారు. ఈలోపు అట్టపెట్టెలు చెత్తలోకి పోయాయి. కొడుకు రెండు దీపాలను గోడకు సిమెంటుతో బిగించేశాడు. అన్నిసార్లు మాట్లాడినా ఒక్క ముక్క రాతలో లేదు.

అదే దుకాణంలో అవే దీపాలు కొన్న పక్కింటివారి అమ్మాయి మూడో రోజు పొద్దున్నే వాట్సాప్‌లో నాలుగు వాక్యాలు రాసింది. వాళ్లకు డబ్బు మొత్తం తిరిగి వచ్చింది. పెద్దావిడకు మాత్రం విలువ తగ్గినంత మేర పరిహారం అడిగే దారే మిగిలింది. ఇద్దరికీ చట్టం ఒకటే, దీపమూ ఒకటే. తేడా ఆ నాలుగు వాక్యాలది.

1999 వినియోగదారుల రక్షణ చట్టం ఏమంటుందో చూద్దాం. 32వ సెక్షన్ ప్రకారం అమ్మిన సరుకు అంగీకరించదగ్గ నాణ్యతతో ఉండాలి, తగినంత కాలం మన్నాలి. మీరు ఫలానా అవసరానికని చెప్పి, అమ్మేవాడి మాట మీద ఆధారపడి కొంటే, ఆ అవసరానికి అది పనికిరావాలి. అది 33వ సెక్షన్. ప్రకటనలో చెప్పిన వర్ణనకు సరుకు సరిపోవాలని 34వ సెక్షన్ చెబుతుంది. మలేషియాలో అమ్మే దీపం మలేషియా మబ్బులకు, ఇక్కడి పన్నెండు గంటల రాత్రికి తట్టుకోవాలి. వానల సాకు ఎల్లకాలం చెల్లదు. "అమ్మిన వస్తువు తిరిగి తీసుకోబడదు" అనే బోర్డు చూసి భయపడకండి. ఈ హక్కులను ఒప్పందంతోనో బోర్డుతోనో తీసేయడం కుదరదని 6వ సెక్షన్ స్పష్టంగా చెప్పింది.

అయితే సరుకును తిరస్కరించి డబ్బు వెనక్కి అడిగే హక్కు శాశ్వతం కాదు. లోపం బయటపడటానికి పట్టే సమంజసమైన కాలంలోనే దాన్ని వాడుకోవాలి. ఇన్ని రోజులని చట్టంలో లెక్క లేదు. కాబట్టి జాప్యం జరిగిన ప్రతి వారం అవతలివాడి వాదనకే బలం. సరుకు అసలు లోపంతో సంబంధం లేని కారణంతో మీ దగ్గర పాడైనా, పోయినా, విడదీస్తే చెడిపోయేలా వేరేదానికి బిగించినా ఆ హక్కు పోతుంది. తిరస్కరిస్తున్నామని, ఎందుకో కారణంతో సహా అమ్మినవాడికి తెలియజేయాలి. నోటిమాటకు రుజువు ఉండదు.

"వినియోగదారుల క్లెయిముల ట్రిబ్యునల్‌లో మూడేళ్ల గడువుంది కదండీ" అని నాతో వాదించేవాళ్లున్నారు. ఆ మూడేళ్లు క్లెయిము వేయడానికి. దీపాన్ని తిరస్కరించడానికి కాదు. ఈ రెండు గడువులనూ కలపకండి. మళ్లీ చెబుతున్నాను, కలపకండి.

ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. "ఆర్డర్ అందింది" అనే బటన్ నొక్కేదాకా, లేదా గడువు ముగిసేదాకా పెద్ద ప్లాట్‌ఫాంలు మీ డబ్బును తమ దగ్గర ఆపుతాయి. సరుకు చేతికి రాగానే నొక్కేస్తే చట్టంలోని హక్కు పోదు గానీ డబ్బు అమ్మకందారుకు చేరిపోతుంది. రాత్రిపూట వాడే వస్తువును పగలు చూసి సరే అనడమేమిటి? మూడు రాత్రులు వెలిగించి చూశాకే నొక్కండి. కొనే ముందే అమ్మేవాడి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, చిరునామా స్క్రీన్‌షాట్ తీసుకోండి. అవి లేనిదే నోటీసు ఎవరికి అందుతుంది? విదేశీ అమ్మకందారైతే ఆ ప్లాట్‌ఫాం ఇచ్చే రిటర్న్ గడువే మీకు దిక్కు.

రుజువుకు ఇంజనీరు అక్కర్లేదు, లెక్క చాలు. 300 వాట్ల దీపం పన్నెండు గంటలు వెలగాలంటే 3,600 వాట్ అవర్లు కావాలి. 3.7 వోల్టుల, 2,000 మిల్లీయాంపియర్ అవర్ల బ్యాటరీలో ఉండేది 7.4 వాట్ అవర్లు. రెండు వాట్ల సోలార్ పలక నాలుగు గంటల నిండు ఎండలో ఇచ్చేది మహా అయితే ఎనిమిది. చెంబెడు నీళ్లతో ఎకరం మడి తడుపుతామన్నట్టుంది ఈ ప్రకటన. ఈ అంకెలు పెట్టె మీదో ప్రకటనలోనో దొరుకుతాయి. వాటికోసం దీపం విప్పి పాడుచేసుకోకండి.

ఇక ప్రభుత్వ కౌంటర్ల సంగతి. "అరవై రింగిట్ల దీపానికి కేసా?" అని ఒక కార్యాలయంలో ఆ పెద్దావిడను వెనక్కి పంపారు. ఈ మాట నాకు మంట పుట్టిస్తుంది. వినియోగదారుల క్లెయిముల ట్రిబ్యునల్ 50,000 రింగిట్ల వరకు విచారిస్తుంది. దానికి గరిష్ఠ పరిమితి ఉందే గానీ కనిష్ఠ పరిమితి లేదు. దాఖలు రుసుమును ఐదు రింగిట్లకు పెట్టింది ఇలాంటివాళ్ల కోసమే. లాయరు అక్కడ మీ తరఫున వాదించకూడదు కూడా. మొదటి ఫారం మీరే నింపి, మీరే మాట్లాడాలి. అందుకే మీ చేతిలోని కాగితమే మీ లాయరు.

దీపం మాట తప్పిన రోజే ఇది రాసి పంపండి: "ఫలానా తేదీన మీ దగ్గర ఇన్ని దీపాలు కొన్నాను. రాత్రంతా వెలుగుతాయని మీ ప్రకటనలో ఉంది. ఎండ బాగా ఉన్న రోజు కూడా ఇన్ని గంటలకు ఆరిపోయాయి. వీటిని తిరస్కరిస్తున్నాను, డబ్బు తిరిగి ఇవ్వండి." గడియారం పక్కన ఆరిన దీపం ఫొటో జతచేయండి. పెట్టె, రసీదు దాచండి. సమాధానం వచ్చేదాకా దీపాలు గోడకు బిగించకండి. వాళ్లు ఫోన్ చేసి నచ్చజెబితే, మాట్లాడిన విషయమంతా వెంటనే వాట్సాప్‌లో రాసి వాళ్లకే పంపండి. ఇంతవరకు చేశాక నా దగ్గరకు రండి. అప్పుడు నేను చేయగలిగింది చాలా ఉంటుంది.