మేఘముల నడుమ మార్గము

ఆషాఢమాసమున ఉట్నూరు కొండలపై మబ్బులు క్రమ్మినపుడు ఎదుటి గుట్టయైనను కనుపింపదు. అట్టి వేళ ఆ మబ్బుల లోనుండి విమానపు మ్రోత వినవచ్చును. నేలను చూడజాలని ఆ వైమానికుడు త్రోవ నెట్లు తెలిసికొనును? బాలలారా! అతడు బయలుదేరుటకు ముందు బల్లపై కూర్చుండి వ్రాసికొన్న లెక్కలో దీనికి జవాబు కలదు.

పూర్వము వైమానికులు నదులను, రైలుపట్టాలను చూచుచు పోయెడివారు. 1929 సెప్టెంబరు 24న అమెరికాలో జేమ్స్ డూలిటిల్ అనునతడు బయటి దృశ్యము కనబడకుండ కప్పిన గదిలో కూర్చుండి, పరికరముల సాయముననే విమానమును లేపి, త్రిప్పి, నేలకు దింపెను. మన దేశమున 1949లో రాత్రి తపాలా విమానములు ఆరంభమయ్యెను. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మదరాసులనుండి వచ్చిన విమానములు నడిరేయి నాగపురమున కలిసికొని, ఉత్తరముల సంచులను మార్చుకొని మరలిపోయెడివి. పటముపై మదరాసునుండి నాగపురమునకు గీత గీచినచో అది ఉమ్మడి కరీంనగరు జిల్లా తూర్పుభాగముమీదుగా పోవును.

ఇపుడు మనమొక చిన్న ప్రయాణమునకు ఏర్పాటు చేయుదము. బేగంపేటనుండి నాగపురమునకు తిన్నని దారి సుమారు 410 కిలోమీటర్లు. అది సిరిసిల్లకు పడమరగా సాగి, ఖానాపురము ప్రాంతమున గోదావరిని దాటి, ఉట్నూరు కొండలమీదుగా పెన్‌గంగ నతిక్రమించును. ఉత్తరమునుండి తూర్పునకు ఇంచుమించు 9 డిగ్రీలు మొగ్గిన మార్గమిది.

పిమ్మట ఎత్తును నిర్ణయింపవలయును. త్రోవలోని మిక్కిలి ఎత్తయిన కొండకంటె కనీసము వేయి అడుగులు పైగా ఎగురవలెను. అంతియే చాలదు. తూర్పునకు మొగ్గిన దారులకు బేసివేల అడుగులును, పడమటికి మొగ్గిన దారులకు సరివేల అడుగులును విధింపబడినవి. కావున మనము 9 వేల అడుగులలో పోయినచో, ఎదురు వచ్చువాడు 8 వేలలోనో 10 వేలలోనో ఉండును. ఒకరి నొకరు చూడకున్నను తాకుకొనరు.

ఇక ఇంధనము. మన చిన్న విమానము గంటకు 230 కిలోమీటర్లు పోవుననియు, ఎదురుగాలి వేగము 25 కిలోమీటర్లనియు అనుకొందము. అపుడు నేలపై సాగునది 205 మాత్రమే. ప్రయాణమునకు రెండు గంటలు పట్టును. గంటకు 40 లీటర్ల చొప్పున 80 లీటర్లు చాలునని తోచును. కాని నాగపురమును పొగమంచు కప్పియున్నచో? 280 కిలోమీటర్ల దూరమునున్న రాయపురమునకు పోవుటకు 73 నిమిషములు కావలెను. ఊహింపని ఆలస్యమునకు ప్రయాణకాలమున పదియవ వంతు, అనగా 12 నిమిషములు. తుదకు ముట్టరాని నిలువగా 45 నిమిషములు. మొత్తము 250 నిమిషములు. సుమారు 167 లీటర్లు. ఇంజను వేడియగుటకును, పైకెక్కుటకును అగు వ్యయము వేరు.

ఆ అదనపు 87 లీటర్లు వృథాభారమని తలపరాదు. నాగపురమున దిగునపుడు రేడియో కిరణముల ననుసరించి క్రిందికి వచ్చుచు, సాధారణముగ నేలకు 200 అడుగుల ఎత్తున వైమానికుడు చూచును. రన్‌వే దీపములు కనబడనిచో వెంటనే పైకి లేవవలయును. ఇంధనము మిగిలియున్నవానికే ఆ మాట పాటించు ధైర్యముండును, లేనివాడు తెగించును.

మబ్బులో మరియొక శత్రువు కలదు. అది మన దేహమే. నేల కనబడనపుడు చెవిలోని సమతాజ్ఞానము మోసగించును. విమానము ఒరిగియున్నను తిన్నగా ఉన్నట్లే తోచును. అపుడు కృత్రిమ క్షితిజమను పరికరమును నమ్మవలెను గాని తన భ్రమను నమ్మరాదు.

2009 సెప్టెంబరు 2న బేగంపేటనుండి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన హెలికాప్టరు వర్షమేఘముల నడుమ నల్లమలలో కూలి, ముఖ్యమంత్రి వై. యస్. రాజశేఖరరెడ్డిగారును, మరి నలుగురును అసువులు బాసిరి. దూరము కొలదియైనను మేఘమునకు జాలి లేదని నాడు తెలుగునేల యంతయు కంటనీరు పెట్టి తెలిసికొనెను.

బాలలారా! వెనుదిరుగుట పిరికితనము కాదు. అట్లు వెనుదిరుగుటకు వలసిన దానిని ముందే కూర్చుకొనుటయే వివేకము. ఇకమీద మబ్బులలో విమానపు మ్రోత విన్నపుడు, ఆ లెక్కను తప్పులేక వేసిన చేతిని ఒకమారు తలచుకొనుడు.