నడినెత్తి మెత్తగా ఎందుకుంటది?

పసిబిడ్డ నడినెత్తి మీద మెల్లగా వేలు పెట్టి చూడండి. మెత్తగా తగులుతుంది. దీన్నే మాడు అంటాం. అక్కడ ఎముక ఉండదు. గట్టి పొర ఉంటుంది.

కాన్పు సమయంలో బిడ్డ తల ఇరుకు దారిలో నుంచి రావాలి. అందుకే పుర్రె ఎముకలు విడివిడిగా ఉంటాయి. అవి దగ్గరికి జరిగితే తల బయటికి వస్తుంది. పుట్టినంక మెదడు తొందరగా పెరుగుతుంది. దానికి జాగ కావాలి. చాలామంది పిల్లలకు ఏడాది, ఏడాదిన్నరకు మాడు మూసుకుంటుంది. కొందరికి 2 ఏండ్లు పడుతుంది.

మాడు కొట్టుకుంటే భయపడొద్దు. అది నెత్తురు నాడి. ఏడిస్తే కొంచెం ఉబ్బుతుంది, ఊరుకుంటే దిగుతుంది. తలకు నీళ్లు పోయవచ్చు.

గుంత పడితే మాత్రం చూడాలి. మా రాత్రిబడికి ఒక అక్క 8 నెలల బిడ్డను ఎత్తుకొని వచ్చింది. వానకాలం. వాడకట్టంతా వాంతులు, విరేచనాలు.

"రెండు దినాల సంది కారుతున్నది టీచరమ్మా. మా అత్త మాడు మీద ఆముదం పెట్టింది. గుంత నిండుతలేదు" అన్నది.

బిడ్డ ఏడుస్తున్నది. కంట్లో నీళ్లు లేవు. నేను డాక్టరును కాను, అయినా భయమైంది. ఆటోలో దవాఖానకు పోయినం. సెలైను ఎక్కించినంక బిడ్డ తేరుకున్నది. అత్తది తప్పు అనను. ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఒంట్లో నీళ్లు తగ్గితే మాడు కుంగుతుంది. కట్ట మీద నూనె పోస్తే చెరువు నిండుతదా? నీళ్లు లోపలికి పోవాలి.

విరేచనాలు మొదలు కాగానే ఆశా కార్యకర్తను ఓఆర్ఎస్ పొట్లం అడగండి. పైసలు ఇయ్యనక్కర లేదు. పెద్ద పొట్లం మొత్తం ఒక లీటరు నీళ్లలో కలపాలి. కాచి చల్లార్చిన నీళ్లయితే మంచిది. చెంచాతో కొంచెం కొంచెం తాపాలి. కక్కితే 10 నిమిషాలు ఆగి మళ్లీ తాపాలి. 24 గంటలు దాటితే పారబోయాలి. చనుబాలు ఆపొద్దు. జింకు మాత్రలు కూడా ఇస్తారు. విరేచనాలు తగ్గినా 14 రోజులు వేయాలి.

మాడు గుంతపడి, కండ్లు లోపలికి పోయినా, మూత్రం తగ్గినా, బిడ్డ మగతగా ఉన్నా, పాలు తాగకున్నా దవాఖానకు తీసుకపోవాలి. జ్వరం ఉండి, ఏడవకున్నా మాడు ఉబ్బి గట్టిగా ఉంటే ఒక్క గడియ కూడా ఆగొద్దు. మెదడు పొరల వాపు కావచ్చు. 108కి ఫోన్ చేయండి. చురకలు, పసర్లు వద్దు.

పొట్లం మీద తేదీ అచ్చు వేసి ఉంటుంది. గడువు దాటిందా, లేదా? ఆ అంకెలు ఇప్పుడు మీరే చదవగలరు.