మొదటి మాట ఎవరిది?

చిరంజీవి బాబుకి,

యౌవనస్తుల ఆదివారానికి ఆరాధన క్రమం నిన్ను రాయమన్నారట. మీ నాన్న దాని ఫొటో నాకు పంపాడు. ఆరు పాటలు, ఓ నాటిక, నాలుగు సాక్ష్యాలు, వాక్యానికి పది నిమిషాలు. డ్రమ్స్ సంగతి నేనెత్తను, కంగారుపడకు. నా బెంగ వేరే.

1543లో సంస్కర్త కాల్విన్, సంఘాన్ని ఎందుకు సంస్కరించాలో వివరిస్తూ అయిదవ చార్లెస్ చక్రవర్తికి ఓ విన్నపం రాశాడు. క్రైస్తవ్యం నిలిచేది ముఖ్యంగా రెండు విషయాల మీద అన్నాడు. రక్షణ ఎక్కడినుంచి వస్తుందన్నది రెండోది. దేవుణ్ణి ఎలా ఆరాధించాలన్నది మొదటిది! సెమినరీలో చదివినప్పుడు అచ్చుతప్పేమో అనుకున్నాను. మనిషిని తన మానాన వదిలేస్తే తనకు నచ్చిన దేవుణ్ణి తానే చేసుకుంటాడని ఆయన భయం.

ఆరాధన విషయంలో లూథర్ వైపువాళ్లు వాక్యం కాదనని ఆచారాన్ని ఉంచుకోవచ్చన్నారు. కాల్విన్ వైపువాళ్లు వాక్యం చెప్పిందే చేయాలన్నారు. 1646 నాటి వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం 21వ అధ్యాయంలో ఉన్నదీ ఇదే. వినడానికి ఇరుకుగా ఉంటుంది. కానీ వెనక బెంచీలో కూచున్న ముసలమ్మకు అదే అండ. పాస్టరుకో నీకో తోచినదాన్ని దేవుడి ఆజ్ఞగా ఆమె నెత్తిన రుద్దే వీలుండదు. కుర్చీలా చాపలా, గంట ఎన్నింటికి అన్నవి మన ఇంగితానికే వదిలేశారు.

1538లో జెనీవా వెళ్లగొట్టాక కాల్విన్ మూడేళ్లు స్ట్రాస్‌బర్గ్‌లో ఫ్రెంచి సంఘాన్ని కాశాడు. అక్కడి సంస్కర్త మార్టిన్ బూసర్ దగ్గర నేర్చి అక్కడ నడిపిన వరుస చూడు. మన సహాయం యెహోవా నామంలోనే ఉందన్న కీర్తన మాటతో మొదలు. తర్వాత పాప ఒప్పుకోలు, క్షమాపణ ప్రకటన. ఆపైన పది ఆజ్ఞలు, అదీ పాటగా! ఆజ్ఞలు ముందుంటే అవి క్షమాపణకు కట్టే వెల అనిపిస్తాయి. తర్వాత వస్తే, క్షమించబడినవాడు కృతజ్ఞతతో నడిచే దారి అవుతాయి. రెండు అంశాలు అటూ ఇటూ అయితే సువార్తే తిరగబడుతుందన్నమాట. ప్రసంగానికి ముందు పరిశుద్ధాత్మ వెలుగు కోసం ప్రార్థన తప్పనిసరి, బోధకుడి చదువు ఒక్కటే చాలదు గనుక. దేవుడు మాట్లాడతాడు, సంఘం బదులు పలుకుతుంది. పాట ఆ బదులే. అందుకే గాయకుల నోటి నుంచి తీసి జనం నోట పెట్టారు. 1562కల్లా 150 కీర్తనలూ ఫ్రెంచి పాటలయ్యాయి.

ఒక్కచోట మాత్రం ఆయన మాట చెల్లలేదు. ప్రభువు బల్ల ప్రతి ఆదివారం ఉండాలన్నాడు. జెనీవా నగర సభ ఏడాదికి నాలుగుసార్లు చాలంది. క్రీస్తు రొట్టెలోకి దిగడని, ఆత్మే మనల్ని ఆయన దగ్గరికి ఎత్తుతాడని బోధించినవాడికి అదెంత లోటో! నెలకోసారి తీసుకుంటున్న మనం కూడా ఆలోచించాలి.

ఇప్పుడు నీ కాగితం మళ్లీ చూడు. మొదటి పాట కంటే ముందు దేవుడి పిలుపు లేదు, ఒప్పుకోలు లేదు, క్షమాపణ మాటా లేదు. మొదట్నుంచీ మనమే మాట్లాడుతున్నాం. రెండు పాటలు తీసి ఆ చోటు వీటికివ్వు, సాక్ష్యాలు తగ్గించి వాక్యానికి అరగంట వదులు. నాటిక సాయంత్రానికి పెట్టుకో, ముందు వరుసలో నాకో కుర్చీ ఉంచు.

మీ అమ్మకు నా వందనాలు చెప్పు.

ఇట్లు,
పెదనాన్న