మాట ఇంట్లో ఉంది, అక్షరం చేజారుతోంది



మీరిచ్చే సొమ్ముతో ఏటా మన పిల్లలకు ఫీజులు కడుతున్నాం, పుస్తకాలు, యూనిఫారాలు ఇస్తున్నాం. ఆ లెక్కలు ఈ సంచికలో వేరేచోట ఉంటాయి. ఆ పిల్లల చదువులో ఉపాధ్యాయులుగా మాకు కనిపిస్తున్న ఒక లోటును మీ ముందు పెట్టడానికే ఈ వ్యాసం రాస్తున్నాం.

సాయంత్రం తరగతికి మండిబజార్ వైపు నుంచి వచ్చే ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడున్నాడు. ఫోన్‌లో తన ఖాలా కొడుకుతో ఉర్దూలో చకచకా కబుర్లు రాస్తాడు, అదీ ఇంగ్లీషు అక్షరాల్లో. ఒకరోజు వాడి చేతికి ఒక పెళ్లి రుఖా ఇచ్చి చదవమన్నాం. ఉర్దూ వైపు చదవలేకపోయాడు. తెలుగు పత్రిక ఇస్తే గుణింతాలు కూడబలుక్కున్నాడు. ఇంగ్లీషు సైన్సు పాఠం మాత్రం గడగడా చదివాడు. అర్థం ఏమిటని అడిగితే తల వంచుకున్నాడు. మూడు భాషలు వచ్చిన పిల్లవాడు, ఏ భాషలోనూ చదివి అర్థం చేసుకోలేకపోతున్నాడు. వీడు ఒక్కడే అయితే ఈ వ్యాసం అవసరం ఉండేది కాదు.

మాట్లాడే భాష – చదువుకునే భాష

కెనడాకు చెందిన భాషా విద్యావేత్త జిమ్ కమిన్స్ 1979లో ఒక ముఖ్యమైన తేడా చూపించాడు. స్నేహితులతో, బజారులో మాట్లాడే భాష వేరు. పాఠం చదివి, ఆలోచించి, జవాబు రాసే భాష వేరు. వలస వచ్చిన పిల్లలు కొత్త భాషలో మాట్లాడటం రెండేళ్లలో నేర్చుకోగలుగుతున్నారు. చదువుకు కావలసిన భాషలో తోటివారిని అందుకోవడానికి మాత్రం అయిదు నుంచి ఏడేళ్లు పడుతోంది. మన పిల్లవాడు ఇంగ్లీషులో రెండు ముక్కలు మాట్లాడగానే ‘వాడికి ఇంగ్లీషు వచ్చేసింది’ అని తల్లిదండ్రులు సంతోషిస్తారు. అసలు కష్టం అప్పుడే మొదలవుతుందని వారికి తెలియదు.

కమిన్స్ చెప్పిన రెండో మాట ఇంకా విలువైనది. ఒక భాషలో చదివి అర్థం చేసుకునే శక్తి వస్తే, అది మరో భాషకూ అక్కరకొస్తుంది. భద్రకాళి చెరువులో ఈత నేర్చినవాడు వడ్డేపల్లి చెరువులో మళ్లీ మొదటి నుంచి నేర్చుకోనక్కరలేదు కదా! ఆవిరి ఎందుకు పైకి లేస్తుందో ఇంటి భాషలో అర్థమైన పిల్లకు ఇంగ్లీషులో కొత్త పదాలు చెబితే చాలు. ఏ భాషలోనూ అర్థం కాని పిల్లకు బట్టీయే గతి.

ఇది మన నేలకు కొత్త కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతోనే మొదలైంది. అక్కడ పాఠ్యగ్రంథాల కోసం ప్రత్యేకంగా అనువాద విభాగమే పనిచేసింది. మన పాత వరంగల్ జిల్లా చినగూడూరులో పుట్టిన దాశరథి కృష్ణమాచార్య గాలిబ్ కవిత్వాన్ని ‘గాలిబ్ గీతాలు’గా తెలుగులోకి తెచ్చారు. రెండు భాషలనూ చదివి ఆస్వాదించినవారికే అది సాధ్యం.

ఫోన్‌లో రాత చెడ్డదా?

‘ఫోన్ పిల్లల భాషను పాడుచేసింది’ అనే మాట తరచూ వింటాం. పరిశోధన అలా తేల్చలేదు. బ్రిటన్‌లో కోవెంట్రీ విశ్వవిద్యాలయానికి చెందిన బెవర్లీ ప్లెస్టర్, క్లేర్ వుడ్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనంలో 10–12 ఏళ్ల పిల్లలను పరిశీలించింది. మెసేజుల్లో పొట్టి మాటలు ఎక్కువగా వాడే పిల్లలు చదవడంలో వెనకబడలేదు, పైగా మెరుగ్గానే ఉన్నారు. అక్షరాలతో, శబ్దాలతో ఆడుకోవడం వారికి మేలే చేసినట్టుంది.

అయితే ఆ పిల్లలు బడిలో ఏ లిపి చదువుతారో ఫోన్‌లోనూ ఆ లిపితోనే ఆడుకున్నారు. మన పిల్లలు తమ భాషను దాని సొంత లిపి రాకుండానే వేరే లిపిలో రాస్తున్నారు. ఇంగ్లీషు అక్షరాల్లో ‘కల’కూ ‘కళ’కూ తేడా కనిపించదు. ఉర్దూలో సే, సీన్, స్వాద్ మూడూ ఒకే అక్షరంగా మారిపోతాయి. కబుర్లకు ఇది చాలు. పుస్తకం మాత్రం ఆ రాతలో దొరకదు. కాబట్టి ఫోన్ లాక్కోవడం కంటే, అందులోని కీబోర్డుకు తెలుగు, ఉర్దూ లిపులు చేర్చి ఇవ్వడం మంచిది. దానికి పైసా ఖర్చు లేదు.

చేతిలోనే ఉన్న తాళంచెవి

మన పిల్లల్లో చాలామంది మక్తబ్‌లో ఖుర్ఆన్ నాజిరా చదువుతారు. అరబీ అక్షరాలు 28 వారికి ముందే వచ్చు. ఉర్దూ వాటన్నిటినీ తీసుకుని పే, టే, చే, గాఫ్ వంటి మరికొన్నిటిని చేర్చుకుంది. అంటే ఉర్దూ చదువులో సగానికి పైగా దారి వారు నడిచేశారు.

మిగిలిన అడ్డంకులు రెండు. ఉర్దూ పుస్తకాల్లో నస్తాలీఖ్ రాత వాలుగా ఉంటుంది, అక్షరాల ఆకారం కొంత మారుతుంది. పైగా జబర్, జేర్, పేష్ గుర్తులు సాధారణంగా వేయరు. కానీ భాష ఇంట్లో వింటున్నదే కనుక కాఫ్, తే, అలిఫ్, బే అని నాలుగు అక్షరాలు కనిపిస్తే ‘కితాబ్’ అని పిల్లవాడి చెవే చెబుతుంది. ఏమీ తెలియనివారితో పోలిస్తే వీరికి పట్టే సమయం చాలా తక్కువ.

తెలుగు సంగతీ అంతే. 2018 చట్టంతో మన రాష్ట్రంలోని బడులన్నిటిలో తెలుగు తప్పనిసరి పాఠ్యాంశమైంది. 2017 చట్టంతో ఉర్దూ రాష్ట్రమంతటా రెండో అధికార భాష అయింది. ఇరుగుపొరుగుతో తెలుగు ధారాళంగా మాట్లాడే పిల్లకు తెలుగు పరీక్ష భయమెందుకు? ఇంట్లో తెలుగు పుస్తకం లేకపోవడమే దానికి పెద్ద కారణమని మా అనుభవం.

మేము కోరేది

మొదటిది, రోజూ అరగంట చదివే వేళ. మక్తబ్ ముగిశాక పావుగంట ఉర్దూ, పావుగంట తెలుగు. పరీక్ష లేదు, మార్కులు లేవు. రెండోది, బొమ్మల కథల పుస్తకాలతో ఒక అల్మారా. పిల్లలు పుస్తకం ఇంటికి తీసుకెళ్లాలి. నానీ, దాదీ ఉర్దూ చదవగలిగితే మనవడి పక్కన కూర్చుని చదివించాలి. మూడోది, చదివించే యువతీయువకులకు చిన్న గౌరవవేతనం. జకాత్ హక్కుదారుల సొమ్ము కనుక దాన్ని ఇందులో కలపవద్దని మా మనవి. ఈ పనికి వేరుగా చందా ఇచ్చేవారు ముందుకు రావాలి.

ఇంగ్లీషు వద్దని మేము అనడం లేదు. ఉద్యోగాలకు అది కావాలి. అయితే పునాది లేని గోడ మీద ఎంత సున్నం వేసినా నిలవదు. మీరు కట్టిన ఫీజు ఫలించాలంటే ఆ పిల్లవాడు చదివినది అర్థం చేసుకోవాలి.

రుఖా చదవలేకపోయిన అబ్బాయి రెండు నెలలుగా చదువుతున్నాడు. మొన్న మరో రుఖా తెచ్చి, పెళ్లికొడుకు పేరు, తేదీ, ఫంక్షన్ హాలు పేరు తానే చదివి వినిపించాడు. ఇంకా తడబడుతున్నాడు. కానీ ఈసారి తల వంచుకోలేదు.